రాతిగోడలు నిలుచును, ఊరు నిలుచునా?

పెక్కు దేశములందు పల్లెలు నగరములకు తరలిపోవుచున్నవి. తరలిపోయినవారి యిండ్లు మాత్రము వెనుక మిగిలిపోవుచున్నవి. వానిలో మట్టియిండ్లు నాలుగు వానకాలములకు కరగి మట్టిలో కలసిపోవును. రాతియిండ్లు అంత సులభముగ నశింపవు. కప్పు కూలినను, తలుపులు ఊడినను, గోడలు తరతరములు నిలిచియుండును. అట్టి గోడలను నగరవాసి చూచి ముచ్చటపడును, కొనును, బాగుచేయించి సెలవులలో వచ్చి యుండుటకు విడిదిగా మార్చుకొనును. ఈ మార్పు పల్లెకు మేలా, కీడా యను ప్రశ్న ఐరోపా ఖండమున ఎన్నియో యేండ్లుగా నలుగుచున్నది. దీనికి శాసనములతోను, పన్నులతోను సమాధానము చెప్పుటకు గట్టిగా పూనుకొన్న దేశము వేల్స్. అచ్చట ఈ ప్రశ్న యిండ్లతో ఆగలేదు. బడితోను, మాతృభాషతోను ముడివడినది. అందుచేత ఉపాధ్యాయులును, విద్యార్థులును దీనిని శ్రద్ధగా పరిశీలింపవలసియున్నది.

వేల్స్ బ్రిటన్ దీవికి పడమటి వైపున గల చిన్న దేశము. జనసంఖ్య సుమారు 31 లక్షలు. అచ్చటి వెల్ష్ భాష ఆంగ్లమునకు మాండలికము గాదు. కెల్టిక్ కుటుంబమునకు చెందిన ప్రాచీన భాష. 1911 జనాభా లెక్కలలో ఆ భాష మాటలాడువారు సుమారు 9 లక్షల 77 వేలమంది. అనగా నూటికి 43 మందికి పైగా. 2021 లెక్కలలో ఆ సంఖ్య 5 లక్షల 38 వేలకు, నూటికి 17.8కి దిగినది. అయినను వాయవ్యమున గల గ్వినెద్ మండలములో నేటికిని నూటికి 64 మంది ఆ భాష నెరిగినవారే. కొండలు, సముద్రము, పాత రాతియిండ్లు నిండిన మండలమును అదియే. సెలవుల విడిది కోరు నగరవాసుల కన్ను మిక్కిలిగా పడినదియు దానిమీదనే.

రాతియింటి స్వభావము

ఆ ప్రాంతపు పాత రైతుయింటి గోడ రెండడుగులకు తక్కువ మందముండదు. పొలములో ఏరిన రాళ్లను, కొండలో పగులగొట్టిన రాళ్లను రెండు వరుసలుగా పేర్చి, నడుమ చిన్నరాళ్లు, మట్టి, సున్నము కూరి ఆ గోడను లేపుదురు. పైకప్పునకు పలకరాయి. మన పిల్లలు ఒకనాడు అక్షరములు దిద్దిన మార్కాపురపు పలక ఏ జాతి రాయియో, వేల్స్ కప్పుల మీది రాయియు ఆ జాతిదే. గ్వినెద్ గనుల పలకరాయి ఒకప్పుడు ఖండాంతరములకు ఎగుమతియైనది. ఆ గనుల ప్రాంతమును 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

ఇట్టి గోడకు పునాదిలో తేమ నాపు పొర యుండదు. వానకు తడిసిన గోడ సున్నపు సందులగుండ తేమను విడిచి ఆరవలెను. పొయ్యి వేడియు, గాలి రాకపోకలును దానికి తోడ్పడును. ఈ మర్మము నెరుగని మేస్త్రి సిమెంటుతో సందులు పూడ్చినచో తేమ బయటికి పోవు దారి మూసికొనిపోవును. నీరు లోపల నిలిచి దూలములు చివుకును, చలికాలమున గడ్డకట్టి రాయి పొరలు ఊడును. మన పూర్వులు దేవాలయములకును, కోటలకును గానుగసున్నము వాడిన కారణమును ఇట్టిదే. పాత కట్టడము బాగుచేయుట అనగా దాని మొదటి పదార్థమును తెలిసికొని, దానితోనే దానికి చికిత్స చేయుట. ఇది ఖర్చుతో కూడిన పని, నేర్పు గల పనివారు కావలసిన పని. పాడుపడిన కొట్టపు దూలములలో గబ్బిలములు కాపురమున్నచో చట్టము వానికిని రక్షణ కల్పించుచున్నది. వాని సంగతి తేల్చక కప్పు విప్పుటకు వీలులేదు.

రాతియిల్లు బ్రతుకుటకు మరియొక నియమము గలదు. అందులో మనుష్యులు ఉండవలెను. ఏడాదిలో నాలుగు వారములు తెరచి, తక్కిన కాలమంతయు తాళము వేసిన యింట పొయ్యి రాజదు, గాలి ఆడదు. బాగుచేసిన గోడయు మరల చెమ్మగిల్లును. ఇల్లు నిలుచుటకు కాపురము కావలెననుట గ్రామపు హితము కోరువారి వాదము మాత్రమే గాదు, తాపీపనివాని అనుభవము గూడ.

వేసవి యింటి పాత అర్థము

వింత యేమనగా, రెండవ యిల్లు అను భావము ఆ దేశమునకు క్రొత్తది గాదు. పూర్వము వెల్ష్ పశుపాలకులకు రెండు నివాసములుండెడివి. లోయలోని శాశ్వత నివాసమునకు హెన్‌ద్రె యని పేరు. పాత ఊరు, పాత యిల్లు అని దాని యర్థము. మే నెల మొదటి దినమున పశువులను తోలుకొని కొండపైకి పోయి, చలికాలారంభమున దిగివచ్చువరకు అచ్చట ఉండెడివారు. ఆ కొండమీది కుటీరమునకు హావొద్ అని పేరు. హావ్ అనగా వేసవి. నేటికిని ఈ రెండు మాటలు అచ్చట ఊళ్ల పేర్లలోను, ఇండ్ల పేర్లలోను నిలిచియున్నవి. నేడు సెలవుల యింటికి వెల్ష్ వాడుకలో టీ హావ్, అనగా వేసవి యిల్లు అని పేరు. మాట ఇంచుమించుగా అదియే, అర్థము తలక్రిందులైనది. హావొద్‌లోని వేసవి నివాసము పనికొరకు. ఆ కుటుంబమే చలికాలము లోయలో ఉండి, అచ్చటి వ్యవహారములలో పాలుపంచుకొనెడిది. టీ హావ్ యజమాని చలికాలమున వేరొక నగరములో వేరొక సమాజమునకు చెందియుండును.

ఇండ్లు ఖాళీయగుటకు కారణము కొనువారు మాత్రమే కాదనియు ఒప్పుకొనవలెను. పలకరాతి గనులు 20వ శతాబ్దమున క్రమముగా క్షీణించినవి. మహాగనులలో ఒకటియైన దినోర్విగ్ 1969లో మూతపడినది. చిన్న కమతములు పెద్ద కమతములలో కలసినవి. యంత్రములు వచ్చిన తరువాత పదిమంది చేయు పని ఇద్దరు చేయసాగిరి. కొడుకులు కార్డిఫ్‌కో, లివర్‌పూల్‌కో, లండనుకో వెడలిరి. మొదట పని పోయినది; పిదప మనుష్యులు పోయిరి; పిమ్మట ఇల్లు అమ్మకమునకు వచ్చినది. కొన్నవాడు ఈ వరుసలో చివరివాడు.

అయితే చివర వచ్చినవాని డబ్బు ఆ తరువాతి కథను మార్చివేయును. నగరపు జీతముతో వచ్చినవాడు పలుకు ధరను పల్లెలోని కూలి, బడిపంతులు, ఆసుపత్రి నర్సు పలుకజాలరు. గ్వినెద్ స్థానికసభ వేసిన లెక్కల ప్రకారమే ఆ మండలపు ప్రజలలో సుమారు మూడింట రెండువంతులమంది ఇల్లు కొనజాలని స్థితిలో ఉన్నారు. విడిదియిండ్లు దట్టముగ నున్న చోట్ల ఆ నిష్పత్తి ఇంకను హెచ్చు. పాడుపడినందున ఎవరికిని పట్టని యిల్లు ఒకటి బాగుపడిన యనంతరము, ప్రక్కనున్న కాపురపు యింటికిని అదే ధర వచ్చును. ఆ యింటి పిల్లలు పెరిగి పెండ్లియాడునప్పటికి వారికి ఊరిలో చోటుండదు.

మూతపడిన బడి

లీన్ ద్వీపకల్పమున సముద్రతీరమున గల అబర్‌సోఖ్ గ్రామము దీనికి దృష్టాంతము. పడవలకును, ఇసుక తిన్నెలకును పేరుపొందిన ఆ యూరిలో విడిదియిండ్ల సంఖ్య హెచ్చినకొలది కాపురముల సంఖ్య తరిగినది. వేసవిలో వీథులు క్రిక్కిరియును. చలికాలమున వరుసగా చీకటి కిటికీలు. అచ్చటి ప్రాథమిక పాఠశాల వెల్ష్ భాషలో చదువు చెప్పునది. పిల్లల సంఖ్య పదికి లోపునకు దిగిపోగా 2021 డిసెంబరుతో దానిని మూసివేసిరి. మిగిలిన పిల్లలు ప్రక్క యూరి బడికి పోవలసివచ్చినది.

బడి మూతపడుటలో ఏమున్నదని తోచవచ్చును. బిడ్డలు రెండు మైళ్లలోపు దూరమునకే పోవుచున్నారు గదా! కాని ఆంగ్లము వంటి మహాభాష ప్రక్కన మనుగడ సాగించు చిన్నభాషకు బడి విద్యాలయము మాత్రమే గాదు. ఇంట ఆంగ్లము వినిన బిడ్డ తోటిపిల్లల ద్వారా వెల్ష్ నేర్చు చోటు అది. తల్లిదండ్రులు గుమ్మమువద్ద నిలిచి ఆ భాషలో మాటలాడుకొను చోటును అదియే. ఆ చోటు పోయిన పిమ్మట ఊరిలో ఆ భాష ఏ యవసరమునకు వాడవలెను? నిఘంటువులును, రేడియోయు, దూరదర్శనమును భాషకు బలమే. కాని ప్రక్కయింటివానితో మాటలాడు అవసరమును అవి పుట్టింపజాలవు.

1965లో కాపెల్ కెలిన్ అను వెల్ష్ గ్రామమును లివర్‌పూల్ నగరపు మంచినీటికొరకు కట్టిన జలాశయములో ముంచివేసిరి. బడి, ప్రార్థనాలయము, ఇండ్లు అన్నియు నీటి పాలైనవి. జాతి యావత్తు దుఃఖించినది; ఆ యూరి జ్ఞాపకము నేటికిని గోడలపై వ్రాతలుగా కనిపించును. అంతకు మూడేండ్ల ముందే, 1962లో, రచయిత సాండర్స్ లూయిస్ భాష యొక్క భవితవ్యమును గూర్చి రేడియోలో చేసిన ప్రసంగము వెల్ష్ భాషోద్యమమునకు నాంది పలికినది. నీట మునిగిన ఊరు ఒక్కసారిగా మునుగును గనుక అందరికిని కనబడును. విడిదియిండ్లుగా మారు ఊరు ఒక్కొక్క యిల్లుగా, ఒక్కొక్క అమ్మకము చొప్పున, ఇష్టపడి అమ్మినవారి సంతకములతో మారును. దానికి ఎదురు నిలుచుట ఇంకను కష్టము.

ఆ నిస్సహాయత ఒక దశలో హింసకు దారితీసినది. 1979 చివర మొదలై పదేండ్లకు పైగా, మెయిబియోన్ గ్లిందూర్ అను రహస్యసంఘము పేర రెండువందలకు పైగా కట్టడములపై దహనకాండ సాగినది. వానిలో పెక్కు ఆంగ్లేయుల విడిదియిండ్లు. ఆ మంటలవలన ఒక్క స్థానిక కుటుంబమునకును ఇల్లు దొరకలేదు. ఫలితము నిచ్చు మార్గము శాసనమే యని తెలియుటకు మరి కొంతకాలము పట్టినది.

శాసనముల ప్రయోగము

2014 నాటి గృహశాసనము స్థానికసభలకు ఒక అధికారము నిచ్చినది. 2017 ఏప్రిల్ నుండి రెండవ యింటిపై మామూలు యింటిపన్నుతో సమానమగు మొత్తమువరకు అదనముగా వేయవచ్చును. గ్వినెద్ సభ 2018లో నూటికి 50, 2021లో నూటికి 100 చొప్పున అదనపు పన్ను విధించినది. 2023 ఏప్రిల్‌లో ఈ పరిమితి నూటికి 300కు పెరిగినది. గ్వినెద్ తన అదనమును 150కి హెచ్చించినది. అనగా కాపురమున్నవాడు ఒక పౌను చెల్లించుచోట రాకపోకల యజమాని రెండున్నర పౌనులు చెల్లించవలసివచ్చినది.

పన్ను ఉన్నచోట తప్పించుకొను ఉపాయము పుట్టుట లోకసహజము. విడిదియింటిని అద్దెవ్యాపారముగా నమోదు చేయించినచో అది యింటిపన్ను క్రిందినుండి వ్యాపారపు పన్ను క్రిందికి పోవును. అచ్చట చిన్న వ్యాపారములకు గల మినహాయింపుచే పెక్కుమంది చెల్లించవలసినది శూన్యమైనది. పూర్వము ఏడాదికి 70 దినములు అద్దెకిచ్చినను ఈ హోదా దొరకెడిది. 2023 ఏప్రిల్ నుండి దానిని 182 దినములకు పెంచిరి. నిజముగా వ్యాపారము చేయువాడు సగమేడు నింపగలడు, పేరునకు మాత్రమే చేయువాడు నింపలేడు అని దీనిలోని తర్కము.

2022 అక్టోబరులో మరియొక మెట్టు ఎక్కిరి. నిర్మాణ నియమములలో ముఖ్యనివాసము, రెండవ నివాసము, స్వల్పకాలపు అద్దెయిల్లు అని మూడు వేరు తరగతులు ఏర్పరచిరి. దీని ననుసరించి, ముఖ్యనివాసమును తక్కిన రెండింటిలో దేనికైనను మార్చుటకు ముందు అనుమతి కావలెనని గ్వినెద్ సభ 2024 సెప్టెంబరు 1 నుండి ఉత్తరువు అమలు చేసినది. ఇంటి యజమానులలో కొందరు దీనిని న్యాయస్థానములో సవాలు చేసిరి. తమ ఆస్తి విలువ తగ్గుననియు, స్థానికులే నష్టపడుదురనియు వారి వాదము.

ఆ వాదమును తేలికగా త్రోసివేయరాదు. గొఱ్ఱెల పెంపకముతో గడువని రైతు తన పాత పశువుల కొట్టమును బాగుచేసి అతిథులకు అద్దెకిచ్చి పొలము నిలుపుకొనును. ఆ కొట్టములో మునుపు కాపురమున్న కుటుంబము లేదు. కనుక ఎవరి యిల్లును పోలేదు. చలికాలమున అతిథులు రాని కొండప్రాంతములో 182 దినములు నింపుట అతనికి భారమే. ఇంకొక చిక్కును గలదు. ఇట్టి కొట్టములను మార్చుటకు ఇచ్చిన పలు అనుమతులలో 'విడిదికి మాత్రమే' అను షరతు ఉండును. ఆ రైతు కొడుకే అందులో సంసారము పెట్టదలచినచో ఆ షరతు అడ్డు వచ్చును. పరదేశికి వారము దినములు తెరచిన తలుపు ఊరివానికి ఏడాది పొడవున మూసియుండుట ఆలోచింపదగిన వైపరీత్యము.

రెండు కట్టడములు, రెండు మార్గములు

విడిదిగా మారుటవలన కట్టడము బ్రతికిన సందర్భములు లేకపోలేదు. డెన్‌బీషైర్‌లో ఎల్వీ నదీలోయయందు దోల్‌బెలిదర్ అను 16వ శతాబ్దపు రాతియిల్లు గలదు. హెన్రీ సాల్స్‌బరీ అను వైద్యపండితుని నివాసమది. వెల్ష్ భాషకు లాటిను భాషలో ఆయన రచించిన 'గ్రమాటికా బ్రిటానికా' అను వ్యాకరణము 1593లో అచ్చుపడినది. వెల్ష్ భాషలో సంపూర్ణ బైబిలు వెలువడి అప్పటికి ఐదేండ్లే. అట్టి చరిత్ర గల యిల్లు కాలక్రమమున కప్పులేని మొండిగోడలుగా మిగిలినది. 1965లో ఇంగ్లండులో స్థాపింపబడిన లాండ్‌మార్క్ ట్రస్టు అను ధర్మసంస్థ దానిని పునరుద్ధరించి, సెలవుల విడిదిగా అద్దెకిచ్చుచున్నది. ఆ అద్దెయే పోషణకు ఆధారము. ఆ సంస్థ యట్లు చేయకున్నచో నేడు చూపుటకు ఆ వ్యాకరణకర్త యిల్లు ఉండెడిది కాదు. ఇచ్చట విడిది ఎవరి కాపురమును తొలగింపలేదు, శిథిలమును తొలగించినది. కాని వ్యాకరణము పుట్టిన యిల్లు దక్కినంతమాత్రమున ఆ వ్యాకరణమునకు ప్రాణమగు భాష దక్కునని చెప్పజాలము. ఇంటికి చేసిన సేవ యింటికే చెల్లును.

రెండవది లీన్ ద్వీపకల్పపు ఉత్తరతీరమున కొండకును, సముద్రమునకును నడుమ గల నాంట్ గుర్థెయిర్న్. 19వ శతాబ్దమున రాతిగని పనివారికై అచ్చట రెండు వరుసలుగా రాతియిండ్లు కట్టిరి. గని పని నిలిచిన పిమ్మట ఒక్కొక్క కుటుంబము వెడలినది. 1959లో చివరివారును పోయిరి. కప్పులు కూలినవి. ఆ ప్రాంతపు వైద్యుడు కార్ల్ క్లోస్ సమీపగ్రామములో పని లేక జనము తరలిపోవుటయు, బడి మూతపడు ప్రమాదమును చూచినవాడు. ఆయన పూనికతో ఒక ధర్మసంస్థ ఏర్పడి 1978లో ఆ పాడుబడిన ఊరిని కొన్నది. విరాళములతోను, స్వచ్ఛంద శ్రమతోను ఇండ్లు ఒక్కొక్కటిగ లేచినవి. 1982లో అచ్చట మొదటి వెల్ష్ తరగతులు జరిగినవి. పెద్దవారు వచ్చి, ఆ రాతియిండ్లలో బసచేసి, కొన్నిదినములు ఆ భాషలోనే మెలగి నేర్చికొని పోవుదురు. అతిథులకు గదులు అద్దెకిచ్చుటయు గలదు. క్లోస్ 2021లో మరణించెను. ఆయన లేపిన ఊరు నిలిచియున్నది.

అబర్‌సోఖ్, నాంట్ గుర్థెయిర్న్ రెండును ఒకే ద్వీపకల్పమున నున్నవి. రెండుచోట్లను రాతియిండ్లు బాగుపడినవి; రెండుచోట్లను పరాయివారు వచ్చి బసచేయుచున్నారు. ఒకచోట బడి మూతపడినది, ఇంకొకచోట ఊరే బడియైనది. తేడా రాతిలో లేదు. ఇల్లు ఎవరి చేతిలో నున్నది, దాని రాబడి ఎచ్చటికి పోవుచున్నది, వచ్చినవాడు ఆ యూరినుండి ఏమి నేర్చుచున్నాడు అను మూడు ప్రశ్నలలో నున్నది. శిథిలమైన కొట్టమును స్థానికుడు విడిదిగా మార్చుట ఒక సంగతి. పాడుబడిన చారిత్రక గృహమును ధర్మసంస్థ కాపాడుట ఒక సంగతి. కాపురము చేయదగిన యింటిని కొని పదకొండు నెలలు తాళము వేయుట వేరొక సంగతి. ఈ మూటిని ఒకే తరాజులో తూచిన శాసనము అన్యాయము చేయును. మూటిని విడదీయని విమర్శయు అన్యాయమే చేయును. 2022 నాటి తరగతుల విభజన ఈ వివేకము వైపు వేసిన అడుగు గనుక మెచ్చదగినది. పన్నుతోనే పని తీరదు. వచ్చిన పన్నుతో ఊరివారికి ఇండ్లు కట్టవలెను, యువకులకు పని కల్పింపవలెను. లేనిచో తాళము వేసిన యింటి ధర కొంత దిగవచ్చును గాని దానిని తెరచి కాపురముండు కుటుంబము రాదు.

తెలుగునాట చలికాలపు విడుదుల సమస్య ఈ రూపమున లేదు. కాని చదువుకొన్న పిల్లలు హైదరాబాదుకో, బెంగుళూరుకో, అమెరికాకో పోగా, సంక్రాంతికి మాత్రమే తాళము తీయు పెద్ద లోగిళ్లు మన పల్లెలలోను గలవు. పిల్లలు చాలని ప్రాథమిక పాఠశాలలను వేరొక బడిలో కలుపుటయు మన ఉపాధ్యాయులు ఎరిగిన విషయమే. ఇల్లు, పని, బడి, భాష అను నాలుగింటిని వేరువేరు శాఖల సమస్యలుగా చూచుట మనకు అలవాటు. అవి ఒకే గొలుసు కడియములని వేల్స్ అనుభవము తెలుపుచున్నది.

2050 నాటికి వెల్ష్ మాటలాడువారి సంఖ్యను పది లక్షలకు పెంచవలెనని ఆ ప్రభుత్వము 2017లో లక్ష్యము పెట్టుకొన్నది. 2021 లెక్కలు చూచినచో అందులో సగమునకు కొంచెము పైగా మాత్రమే యున్నారు. మిగిలిన సగమును పాఠ్యగ్రంథములు కొంత సమకూర్పవచ్చును. కాని నేర్చిన బిడ్డ పెరిగి, ఉద్యోగము సంపాదించి, అదే యూరిలో ఇల్లు దొరకించుకొని తన బిడ్డతో ఆ భాషలో మాటలాడవలెను గదా! ఆ లక్ష్యము నెరవేరునో లేదో ప్రణాళికా పత్రములకంటె ముందుగా గ్వినెద్ పల్లెబడుల హాజరుపట్టీలే చెప్పగలవు.